స్వామివారు వద్దన్నారు

నడిమిపూడి బాలగోపాలస్వామికి వేళకు ఆకలి వేస్తుందన్న సంగతిలో అర్చకుడు అప్పలాచార్యులకు ఎన్నడూ సందేహం కలగలేదు. దేవుడున్నాడా, ఉంటే ఎక్కడున్నాడు అన్న పెద్ద ప్రశ్నలు పెద్దవాళ్ళు చూసుకుంటారని ఆయన నమ్మకం. తన వంతు చిన్నది. తెల్లవారకముందే తలుపు తీసి మేలుకొలపడం, పాలు పట్టడం, నీళ్ళు పోయడం, బట్ట కట్టడం, ఎండ ధ్వజస్తంభం నెత్తిమీదికి వచ్చేసరికి అన్నం పెట్టడం. గర్భగుడిలో స్వామి మోకాళ్ళ మీద పాకుతూ, చేతిలో వెన్నముద్దతో, ఎవరైనా వస్తున్నారేమోనని తల పక్కకు తిప్పి చూస్తున్నట్టు ఉంటాడు. ఆ చూపు చూసినవాడికి ఆలస్యం చేయబుద్ధి కాదు. స్వామికి నివేదన కాకుండా ఆచార్యులు మెతుకు ముట్టరు. ఆయన ముట్టకుండా కోవెల వంటశాలలో వండే భార్య ఆండాళమ్మ ముట్టదు. ఆమె వండింది స్వామి తినకుండా మండపంలో భక్తులకు ప్రసాదం లేదు. ఇలా ఒక పసివాడి ఆకలి మీద ఒక కోవెల మొత్తం ఏ లోటూ లేకుండా నడుస్తూ వచ్చింది.

అప్పుడు యాప్ వచ్చింది.

దాన్ని తెచ్చినవారు కొత్తగా వచ్చిన కార్యనిర్వహణాధికారి త్రివిక్రమరావుగారు. ఆయన మంచివారు, కష్టపడే మనిషి. లోకంలో మంచి అన్నది ఎక్కడ కనిపించినా దాన్ని వెంటనే ఉత్తర్వుగా మార్చకపోతే ఆయనకు నిద్ర పట్టదు. 'గోపాలసేవ' అనే ఆ యాప్‌ను ఫోనులోకి ఎక్కించుకోగానే అది అన్నీ ఒక్కసారే అడిగేది. మీ కెమెరా ఇవ్వండి, మైకు ఇవ్వండి, మీరెక్కడున్నారో చెప్పండి, మీ ఫోనులో ఉన్న పేర్లూ నంబర్లూ చూపించండి. గుడివాళ్ళు అడిగితే కాదంటే కళ్ళు పోతాయని జనం అన్నింటికీ 'సరే' నొక్కి, నొక్కిన వేలు కళ్ళకద్దుకున్నారు.

రైస్‌మిల్లు వీర్రాజు ఆ యాప్‌లోనే శత్రుపీడా నివారణ హోమానికి పేరు నమోదు చేసుకున్నాడు. యాప్ అతనికంటే చురుకైనది. వీర్రాజు ఫోనులో ఉన్న పేర్లన్నీ తీసుకుని ప్రతి ఒక్కరికీ ఒక ఆహ్వానం పంపింది: 'మీ ఆత్మీయులు శ్రీ వీర్రాజు గారు తమ శత్రువుల పీడ తొలగుటకై హోమము జరిపించుకొనుచున్నారు. తామెల్లరు సకుటుంబముగా విచ్చేసి జయప్రదము చేయ ప్రార్థన.' శత్రువులు ఇస్త్రీ బట్టలు వేసుకుని సకుటుంబంగా వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు. పులిహోర రెండోసారి అడిగి వేయించుకున్నారు. చివరికి వీర్రాజు బావమరిది చెయ్యి తుడుచుకుంటూ, "బావా, నా పేరు మొదట్లో చదివించావా, చివర్లోనా?" అని నెమ్మదిగా అడిగాడు. తాను శత్రువునని అప్పటిదాకా తెలియని ఒక పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నంబరు మారినందువల్ల పిలుపు అందని ఇంకొకాయన, తనని శత్రువుగా కూడా లెక్కచేయలేదని ఈనాటికీ వీర్రాజుతో మాట్లాడడు.

విచారణ జరిగింది. యాప్ తయారుచేసిన కంపెనీవారు సంహిత అనే ఇంజనీరమ్మాయిని పంపారు. ఆ అమ్మాయి తప్పు ఒప్పుకుని, ఇకమీదట యాప్ ఎలా నడుచుకోవాలో చెప్పింది. అనుమతులన్నీ గుమ్మంలోనే మూటగట్టి అడగకూడదు. ఏ పని వచ్చినప్పుడు ఆ పనికి, అప్పటికప్పుడు అడగాలి. ఎందుకో ఒక్క ముక్కలో చెప్పాలి. కాదంటే చిన్నబుచ్చుకోకుండా మిగతా పని చేసిపెట్టాలి. రెండుసార్లు కాదంటే మళ్ళీ అడిగి విసిగించకూడదు.

గోడవార నిలబడి విన్న అప్పలాచార్యులకు ఇవి చాలా మంచి మాటలనిపించాయి. పరాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఎలా ఉండాలో చిన్నప్పుడు నాయనమ్మ ఆయనకు చెప్పింది కూడా దాదాపు ఇదే.

చిక్కేమిటంటే, త్రివిక్రమరావుగారికి కూడా మంచి మాటలనిపించాయి.

"ఇంతటి మహత్తరమైన సూత్రాన్ని ఒక యాప్‌కు మాత్రమే వర్తింపజేయడం సమంజసం కాదు. దేవస్థానం సమస్తమూ ఇకపై అనుమతి ప్రాతిపదికన నడవవలసి ఉంటుంది" అన్నారాయన కుర్చీలోంచి లేచి.

సంహిత కంగారుపడి, అది ఫోన్ల కోసం రాసుకున్న పద్ధతి, మనుషులు ఎదురెదురుగా ఉన్నప్పుడు మొహం చూస్తేనే సగం తెలుస్తుంది అని ఏదో చెప్పబోయింది. తమ సలహా ఆలకించుటకు ప్రస్తుతం తాను అనుమతించడం లేదని త్రివిక్రమరావుగారు మర్యాదగా తెలియజేశారు. కొత్త పద్ధతి ప్రకారం ఆ అమ్మాయి చిన్నబుచ్చుకోకుండా బస్సెక్కింది.

మర్నాటి నుంచి కోవెల మారిపోయింది.

కూరగాయల మంగాయమ్మ మనవడి పేరున అర్చన చేయించడానికి వచ్చింది. ఆమె గోత్రం, ఇంటిపేరు, మనవడి నక్షత్రం, ఆ నక్షత్రంలో పుట్టినందుకు వాడు చేసే అల్లరి, అన్నీ ఆచార్యులకు కంఠస్థం. అయినా ఆయన కళ్ళు దించుకుని ఉత్తర్వులో రాసినట్టే చదివారు. మీ గోత్రం తెలుసుకోవడానికి అర్చకస్వామి అనుమతి కోరుతున్నారు. కారణం, సంకల్పం చెప్పడానికి. ఈసారికి మాత్రమేనా, గుడిలో ఉన్నంతసేపా, వద్దా?

మంగాయమ్మ పళ్ళెం పట్టుకుని ఆయన వంక ఆదుర్దాగా చూసింది. "ఒంట్లో బాగుంటం లేదా సామీ? నా పెళ్ళికాడ్నించీ మీరే చదూతున్నారు గదా."

ఆయన మళ్ళీ అదే అడిగారు. ఈసారికి కానియ్యమంది. 'ఈసారికి మాత్రమే' అంటే ఆమె గడప దాటేలోగా ఆచార్యులు ఆ గోత్రం మరిచిపోవాలి. మరిచిపోయానని సాయంత్రం ఆఫీసులో సంతకం పెట్టాలి. ఊరందరి గోత్రాలూ నేర్చుకోవడం ఆయనకు ఎప్పుడూ బరువనిపించలేదు గానీ, మరిచిపోవడం మహా కష్టమైపోయింది. మరిచిపోదామని ఒక్కో గోత్రమూ తలుచుకునేసరికి అది ఇంకా గట్టిగా పాతుకునేది. అబద్ధపు సంతకం పెట్టి మళ్ళీ అదే చేత్తో తులసి ఎలా వేయను అని ఆయన త్రివిక్రమరావుగారి దగ్గర మొరపెట్టుకున్నారు. అధికారి సానుభూతితో విని, "మరపు కూడా ఒక కైంకర్యమేనండీ, సాధన మీద వస్తుంది" అన్నారు.

శఠారి తల మీద పెట్టడం స్పర్శ కిందికి వస్తుంది గనుక దానికి వేరే అనుమతి. తీర్థం లోపలికి వెళ్తుంది గనుక దానికి వేరే. తొందరలో రెండుసార్లు వద్దన్నవాళ్ళను మూడోసారి అడగకూడదు కాబట్టి, వాళ్ళు తల వంచుకుని ఎంతసేపు నిలబడినా ఆచార్యులు శఠారి పట్టుకుని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవలసిందే. అలాంటివాళ్ళ కోసం ఆఫీసులో 'సెట్టింగ్స్' అని ఒక కిటికీ తెరిచారు. దానికి నియమించిన గుమాస్తా, తనను అక్కడ కూర్చోబెట్టడానికి తన అనుమతి తీసుకోలేదని కూర్చోవడం మానేశాడు.

గంట సంగతి పెద్దదైంది. గంట అంటే నోటిఫికేషన్ అని అధికారి తేల్చారు. అది ఎవరెవరి చెవిన పడుతుందో వాళ్ళందరి సమ్మతీ కావాలి. వీధివీధీ తిరిగి అడిగితే చాలామంది సరేనన్నారు గానీ, ముగ్గురు నలుగురు వద్దన్నారు. వాళ్ళ మాట గౌరవించడం కోసం గంట నాలుకకు పాత పంచె చుట్టారు. అప్పటినుంచి గంట కొట్టిన భక్తుడు, బస్తా కింద పడ్డట్టు వచ్చిన ఆ చప్పుడు విని, తానేదో విరగ్గొట్టాననుకుని పైకీ కిందికీ చూసి గబగబా వెళ్ళిపోయేవాడు.

ఇందులో అంతా చెడ్డే ఉందని అప్పలాచార్యులు అనుకోలేదు. ఒకరోజు ఒక కొత్తకోడలు అత్తగారి వెనక వచ్చింది. శఠారి పెట్టమంటారా అని ఆయన అడిగితే ఆ పిల్ల ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఏదీ అడిగినట్టు లేరు. అత్తగారి వైపు చూడకుండా, మెల్లిగా, "వద్దు" అంది. ఆ మాట రుచి చూసి చిన్నగా నవ్వుకుంది. తరువాత, "సరే, పెట్టండి" అని తల వంచింది. ఆచార్యులకు ఆ రోజంతా మనసు తేలికగా ఉంది. అడగడం మంచిదే. మరి మంచి పని ఇలా ఎందుకు తయారైందో ఆయనకు అంతుపట్టలేదు.

ఈ దశలో దేవస్థానం న్యాయ సలహాదారు సాంబమూర్తిగారు తనిఖీకి వచ్చారు. భారీ మనిషి. ఆయన కూర్చున్న కుర్చీ కూడా చట్టానికి లోబడి ఉన్నట్టు కనిపిస్తుంది. ఏర్పాట్లన్నీ చూసి మెచ్చుకుని, చివర్లో ఒక ప్రశ్న వేశారు. ఈ ప్రాంగణంలో జనం అత్యధికంగా చూసే వ్యక్తి ఎవరు?

తానేనేమోనని త్రివిక్రమరావుగారు వినయంగా సర్దుకుని కూర్చున్నారు.

"స్వామివారు" అన్నారు సాంబమూర్తిగారు. "చట్టం దృష్టిలో దేవుడు కూడా ఒక వ్యక్తే అన్నది తమకు విదితమే. పొద్దస్తమానం వేలమంది ఆయన్ని చూస్తున్నారు. ఆయన చెవిన తమ సొంత గొడవలన్నీ పోస్తున్నారు. ఆయన ఎక్కడుంటారో వీధి మొగలోనే బాణం గుర్తు వేసి బోర్డు పెట్టారు. వీటిలో ఏ ఒక్కదానికైనా ఆయన అనుమతి తీసుకున్న దాఖలా ఉందా? పైపెచ్చు," అని గొంతు తగ్గించారు, "చట్టరీత్యా దేవుడు మైనరు."

త్రివిక్రమరావుగారు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆ సాయంత్రానికల్లా బోర్డు మీద సున్నం వేశారు. 'స్వామివారు ఉన్నారు' అని మాత్రం రాయించారు, ఎక్కడున్నారన్నది గోప్యం. పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చెప్పుల స్టాండు వెనకా, సామాను గదిలోనూ వెతుక్కున్నారు. ఒక ముసలి దంపతులు అధికారిగారి గది చుట్టూ భక్తిగా ప్రదక్షిణాలు చేసి, తలుపు దగ్గర కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. వాళ్ళు తనను అనుమతి అడగలేదు గనుక కాదనే అవకాశం రాలేదని త్రివిక్రమరావుగారు తరువాత వివరించారు.

అసలు ఏర్పాటు మర్నాటికి. గర్భగుడిలో స్వామి చేతికి అందేంత దగ్గరగా ఒక పెద్ద టాబ్లెట్‌ను స్టాండు మీద నిలబెట్టారు. వేళకు అది దానంతట అదే వెలిగి, 'భక్తులు తమను దర్శించుటకు అనుమతింతురా?' అని అడుగుతుంది. కింద 'ఈ పూటకు', 'ఎల్లప్పుడు', 'వద్దు' అని మూడు గడులు. స్వామి ఏది నొక్కితే అది బయట అధికారిగారి ఫోనులో కనిపిస్తుంది. సమాధానం వచ్చేవరకూ ఎవరూ తలుపు తీయరాదు.

అప్పలాచార్యులు చేతులు కట్టుకుని ఒక మాట మనవి చేసుకున్నారు. తాను అడగకుండా ఏనాడూ తలుపు తీయలేదు. గడప బయట నిలబడి ద్వారపాలకులకు నమస్కరించి, చప్పట్లు కొట్టి, లోపలికి రమ్మంటారా స్వామీ అని అడిగాకే తీస్తారు. ఆ శాస్త్రం తన తాతల నాటినుంచీ ఉంది.

"జవాబు ఏమొస్తుంది?" అన్నారు సాంబమూర్తిగారు.

"తలుపు తెరుచుకుంటుందండీ."

"మీరు తీస్తే తెరుచుకుంటుంది."

అది నిజమే. ఆచార్యులు ఆ రాత్రి పడుకునేవరకూ ఆ మాట గురించే ఆలోచించారు. ఇన్నాళ్ళూ తలుపు తీసింది తానేనా? ఆయనకెప్పుడూ అలా అనిపించలేదు.

తెల్లవారింది. గర్భగుడి తలుపు ముందు అధికారి, న్యాయ సలహాదారు, వెనక మండపం నిండా జనం. తలుపు సందులోంచి టాబ్లెట్ వెలుతురు సన్నగా కనపడింది. సందులోంచి చూడడం కూడా దర్శనం కిందికే వస్తుందని సాంబమూర్తిగారు అందరినీ అటు తిరగమన్నారు. అందరూ స్వామికి వీపు పెట్టి భక్తిగా నిలబడ్డారు. కాసేపటికి వెలుతురు ఆరిపోయింది. ఎవరూ ఏమీ నొక్కలేదు.

మౌనం అంగీకారం కాదా అని ఎవరో గొణిగారు. పెద్దల మౌనం అంగీకారం కావచ్చుననీ, మైనరు మౌనం ముమ్మాటికీ నిరాకరణే అవుతుందనీ సాంబమూర్తిగారు తేల్చారు. మొదటి నిరాకరణ నమోదైంది. స్వామిని ఎవరూ నిద్ర లేపలేదు. పొద్దుటి పాలు అలాగే చల్లారిపోయాయి. ఆచార్యులు ఆ గిన్నె చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు.

ఎండెక్కాక రెండోసారి అడిగారు. మళ్ళీ వెలుతురు వచ్చింది. లోపలినుంచి చిన్నగా 'టప్' మని చప్పుడైంది. త్రివిక్రమరావుగారి ఫోను మోగింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, పాలిపోయిన మొహంతో పైకి చూశారు.

"వద్దన్నారు."

మండపంలో జనానికి స్వామి సమాధానం చెప్పాడన్న పులకింత ఒక పక్క, ఆ సమాధానం ఇదా అన్న దిగులు ఒక పక్క. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఆచార్యులొక్కరే గొంతు సవరించుకుని, అది బల్లి అయ్యుంటుందండీ అన్నారు. దీపపు గూటిలో ఒక బల్లి ఉంటుందనీ, వెలుతురు కనిపిస్తే పురుగుల కోసం వస్తుందనీ, గాజు మీదికి ఎగిరి ఉంటుందనీ చెప్పారు.

ఆ బల్లికి లోపల ఉండడానికి ఎవరు అనుమతించారని సాంబమూర్తిగారు అడిగారు. ఎవరూ అనుమతించలేదనీ, ఎప్పటినుంచో ఉంటోందనీ ఆచార్యులు ఒప్పుకున్నారు. అయితే దాన్ని స్వామివారి అంతరంగిక సిబ్బందిగా భావించవలసి ఉంటుందని త్రివిక్రమరావుగారు అభిప్రాయపడ్డారు. "కావున, స్వామివారు తమ సిబ్బంది ద్వారా తమ నిరాకరణను—"

సరిగ్గా అప్పుడు లోపలినుంచి బల్లి "టక్ టక్ టక్" మని పలికింది.

బల్లి పలికితే అన్న మాట సత్యమని ఎరగనివాళ్ళెవరు? మండపంలో ఉన్న జనమంతా ఒక్కసారిగా వంగి వేళ్ళతో నేల మీద తట్టి "కృష్ణ కృష్ణ" అన్నారు. త్రివిక్రమరావుగారు తట్టారు. సాంబమూర్తిగారు వంగలేక కుర్చీ చెయ్యి తట్టారు. అలవాటు చొప్పున అప్పలాచార్యులు కూడా తట్టి, తట్టాక నాలుక కరుచుకున్నారు.

రెండుసార్లు కాదన్నాక మళ్ళీ అడగకూడదు. ఆ మాట టాబ్లెట్టే చెప్పింది: 'మళ్ళీ అడగవద్దు.'

ఆచార్యులు వంటశాలకు వెళ్ళేసరికి ఆండాళమ్మ చక్కెరపొంగలి దించి, దద్దోజనం కలిపి, ఆవాలు వేసిన తాలింపు దాని మీద పోస్తోంది. సంగతంతా చెప్పారు. ఆమె గరిటె పక్కన పెట్టింది. పొద్దుట పాలు కూడా పట్టలేదా అని మాత్రం అడిగింది. తరువాత పొయ్యి కేసి చూస్తూ, "ఎండ ఇలా ఉంటే దద్దోజనం ఎంతసేపు ఆగుతుంది? పులిసినది పెడతారా వాడికి?" అంది. స్వామిని వాడు అన్నందుకు మామూలుగానైతే ఆయన కేకలేసేవారు. ఆరోజు వచ్చిన దారినే మండపానికి తిరిగి వెళ్ళారు.

బయట చర్చలు సాగుతున్నాయి. ఒకసారి మూసుకుపోయిన అనుమతిని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చవచ్చునని సంహిత ఫోనులో చెప్పింది. అన్నింటికంటే సుళువు ఆ టాబ్లెట్ తీసి బయట పెట్టడం అని కూడా చెప్పింది గానీ, దాన్ని తీయాలంటే లోపలికి వెళ్ళాలి, లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. సరే, సెట్టింగ్స్ ఎవరు మార్చాలి? మైనరు తరఫున సంరక్షకుడు మార్చాలి. సంరక్షకుడెవరు? అందరూ త్రివిక్రమరావుగారి వైపు చూశారు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తాను నిర్వాహకుణ్ణి మాత్రమేననీ, తన వేలు అక్కడ పెడితే రేపు ఏ విచారణ జరిగినా ఆ వేలే కనిపిస్తుందనీ అన్నారు. ధర్మకర్తల పదవీకాలం అయిపోయింది. పై ఆఫీసుకు ఫోను చేస్తే, స్వామివారి భోజనం విషయమై ప్రతిపాదన సరైన మార్గంలో పంపితే పరిశీలిస్తామన్నారు.

పువ్వు పెట్టి అడుగుదామని ఆచార్యులు అన్నారు. స్వామి శిరస్సు మీద పువ్వు ఉంచితే, కుడిపక్కకు రాలితే సరేననీ ఎడమపక్కకు రాలితే కాదనీ ఊళ్ళో అందరికీ తెలుసు. సాంబమూర్తిగారు ఆసక్తిగా విన్నారు. నిటారుగా నిలిచిపోతే 'ప్రతిసారీ అడగండి' అని అర్థం చేసుకోవచ్చునని కూడా అన్నారు. కానీ పువ్వు పెట్టడానికి లోపలికి వెళ్ళాలి. ఆయన పెదవి విరిచారు.

ఎండ ధ్వజస్తంభం నెత్తి దాటింది. పసిపిల్లలు ఏడుస్తున్నారు. ఆరోజు అధికారులిద్దరి భోజనమూ కోవెల ప్రసాదమే. నివేదన కానిదే వారికీ లేదు. త్రివిక్రమరావుగారి కడుపులోంచి మండపమంతా వినపడేలా ఒక చప్పుడు వచ్చింది. ఎవరి అనుమతీ లేకుండా వచ్చిన నోటిఫికేషన్ అది. అందరూ మర్యాదగా పైకప్పు చూశారు.

ఆండాళమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మండపం స్తంభం పక్కన నిలబడింది. ఇంకా ఆలస్యమెందుకని అడిగింది. సాంబమూర్తిగారు ఓపికగా వివరించబోయారు. "చూడమ్మా, చట్టరీత్యా స్వామివారు మైనరు. అంటే చిన్నపిల్లవాడన్నమాట."

"దానికి చట్టమెందుకు బాబూ? పాకుతూనే ఉన్నాడు గదా."

"ఆయన రెండుసార్లు వద్దన్నారమ్మా."

"పిల్లాడు వద్దంటే గిన్నె దించేసి పోతారా ఎవరైనా? మీ అమ్మగారు మీకెన్నిసార్లు వద్దంటే ఊరుకున్నారు?"

జనం సాంబమూర్తిగారి ఆకారం కేసి చూశారు. ఆ తల్లి ఎన్నడూ ఊరుకోలేదన్న సంగతి దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఆయనకు కోపం రాలేదు. కళ్ళు మూసుకుని ఏదో జ్ఞాపకంలోకి వెళ్ళారు. తెరిచేసరికి ఆ కళ్ళలో చట్టం వెలిగింది.

మైనరుకు సహజ సంరక్షకులు తల్లిదండ్రులు, ఆ విషయం తామంతా విస్మరించాం అన్నారాయన. తండ్రి విషయంలో మాత్రం ఇద్దరి పేర్లు వినవస్తున్నాయి. ఒకరు కన్నవారు, ఒకరు పెంచినవారు. తల్లి విషయంలోనూ అంతే. ఈ నలుగురిలో ఎవరూ ప్రస్తుతం నడిమిపూడి పరిధిలో అందుబాటులో లేరు. అందుచేత, ఖాళీగా ఉన్న తల్లి స్థానాన్ని తాత్కాలిక ప్రాతిపదికన భర్తీ చేయడానికి చట్టంలో ఏ అడ్డంకీ ఆయనకు కనిపించలేదు.

అర్హతలేమిటని త్రివిక్రమరావుగారు ఆత్రంగా అడిగారు. పిల్లవాడికి ఏ వేళకు ఆకలేస్తుందో తెలిసి ఉండాలి, స్థానికురాలై ఉండాలి, వెంటనే విధుల్లో చేరగలగాలి. మండపంలో ఒకరిద్దరు ఆడవాళ్ళు ముందుకు వచ్చారు గానీ, చేతికి పెరుగన్నం వాసన ఉన్నది ఒక్కరికే.

త్రివిక్రమరావుగారు నిలబడి, ఆకలి వల్ల కాస్త త్వరత్వరగా, నోటిమాటగా ఉత్తర్వు చదివారు. "వంటశాల సిబ్బంది శ్రీమతి ఆండాళమ్మగారిని స్వామివారికి తాత్కాలిక తల్లిగా, అదనపు బాధ్యతల మీద, ఎట్టి అదనపు భత్యం లేకుండా నియమించడమైనది. తమకు సమ్మతమేనా?"

ఆచార్యుల దంపతులకు పిల్లలు లేరు. ఆ మాట ఊళ్ళో ఎవరూ వాళ్ళ ముందు ఎత్తరు. ఆండాళమ్మ కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుంది. ఆచార్యులు గంటకు చుట్టిన పాత పంచె కేసి చూస్తూ నిలబడ్డారు.

"సమ్మతమే" అంది ఆమె.

"అయితే మైనరు తరఫున అనుమతి ఇస్తున్నారా?"

"మావారిని లోపలికి పోనివ్వండి. పొంగలి చల్లారిపోతోంది."

తాళం తీశారు. ఆచార్యులు గడప బయట ఆగి, ద్వారపాలకులకు దండం పెట్టి, చప్పట్లు కొట్టి, రమ్మంటారా స్వామీ అని ఎప్పటిలాగే అడిగారు. తలుపు తెరుచుకుంది. ఈసారి ఎవరు తెరిచారని సాంబమూర్తిగారు అడగలేదు. గిన్నెలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి.

పొద్దుట్నుంచీ పస్తున్న త్రివిక్రమరావుగారు, సాంబమూర్తిగారు, వాళ్ళ వెనక జనం ఒక్క ఊపున ముందుకు కదిలారు. గడప దగ్గర ఆండాళమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"మీరాగండి బాబూ. తినేటప్పుడు పిల్లాడి మొహం చూడకూడదు, దిష్టి తగులుతుంది."

తాము ఈ పూటకు మాత్రమే అడుగుతున్నామనీ, కారణం కేవలం పర్యవేక్షణ అనీ త్రివిక్రమరావుగారు తెలియజేశారు.

"పొద్దుట పాలు కూడా లేవు వాడికి. తిన్నాక పడుకుంటాడు. ప్రసాదం బయటికి పంపుతాను, తిని వెళ్ళి సాయంత్రం రండి."

"ఒక్క నిమిషం చాలమ్మా, చూసీ చూడనట్టు—"

"సాయంత్రం."

త్రివిక్రమరావుగారు మళ్ళీ నోరు తెరవబోతే సాంబమూర్తిగారు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఉత్తర్వు ప్రకారం రెండుసార్లు అయిపోయింది. ఆ ఉత్తర్వు మీద సంతకం త్రివిక్రమరావుగారిదే. అధికారులిద్దరూ చిన్నబుచ్చుకోకుండా వెళ్ళి ప్రసాదపు వరసలో చివర నిలబడ్డారు.

లోపల ఆచార్యులు దీపం వెలిగించి, టాబ్లెట్‌ను గోడవైపు తిప్పి, తెర వేశారు. బల్లి దీపపు గూట్లోకి జారుకుంది. స్వామి ఎప్పటిలాగే తల పక్కకు తిప్పి గుమ్మం కేసి చూస్తున్నాడు. ఇంత ఆలస్యమా అన్నట్టు ఉంది. ఆచార్యులు తప్పు క్షమించమని చెంపలు వేసుకుని, నీళ్ళు తిప్పి, పొంగలీ దద్దోజనమూ ముందుంచి, మంత్రం చెప్పి, కళ్ళు మూసుకున్నారు. పిల్లవాడు తినడానికి పట్టేంతసేపు అలా కూర్చోవడం ఆయన అలవాటు. ఆరోజు రెండింతలు కూర్చున్నారు. తరువాత, ఎన్నడూ శాస్త్రంలో లేని ఒక మాట ఆయన నోటినుంచి వచ్చింది.

"ఇంకొంచెం వేయమంటారా స్వామీ?"

జవాబు రాలేదు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఈ మాట అడిగితే వద్దనైనా అంటాడు, ఊరుకోనైనా ఊరుకుంటాడు. ఆ రెంటిలో దేన్నీ నడిమిపూడిలో వడ్డించే చెయ్యి ఇంతవరకూ లెక్కచేసి ఎరగదు. పైగా నోట్లో ముద్ద ఉన్న పిల్లవాడు మాట్లాడడు.

ఆచార్యులు ఇంకో గరిటె వేశారు.